లారీల బరువు పరిమితి పెంచాక మన రోడ్లకు, మన బండ్లకు ఏమైంది?

శ్రీను_హయత్‌నగర్ (మంగళవారం, ఉదయం 7:10)

అందరికీ నమస్తే. రోజూ హయత్‌నగర్ నుంచి చౌటుప్పల్ దాకా బైక్ మీద వెళ్లి వస్తాను. అక్కడ ఒక గోడౌన్‌లో పని. ఈ వానలకు ఒక సంగతి బాగా భయపెడుతోంది. ఎడమ లేన్‌లో లారీ చక్రాలు నడిచే చోట తారు కుంగి రెండు గాడులు పడ్డాయి. పక్కన గట్టులా లేచింది. వాన పడితే గాడుల్లో నీళ్లు నిలుస్తాయి, చూడ్డానికి రోడ్డు బాగున్నట్టే ఉంటుంది. మొన్న గురువారం వెనక లారీ హారన్ కొడితే పక్కకు తీయబోయాను, ఆ గట్టు మీద ముందు చక్రం జారింది. పడలేదు గానీ ఇంటికి చేరేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

2018లో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది కదా. రోడ్డు ఇలా కావడానికి అదే కారణమా, లేక ఆ పరిమితిని కూడా దాటి వేసేవాళ్ల వల్లా? మా గోడౌన్‌కి వచ్చే ఓనర్లు కొందరు ఇంకా పెంచితేనే గిట్టుబాటు అంటున్నారు. లారీ లైన్‌లో ఉన్నవాళ్లు, రోడ్ల పని తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

సిమెంట్_షాప్_వనస్థలి (మంగళవారం, 8:45)

శ్రీను గారూ, జాగ్రత్తగా వెళ్లండి. కానీ తప్పంతా పరిమితి పెంచడం మీద వేయడం సరికాదని నా అభిప్రాయం.

అంతకు ముందు ఉన్నవి 1983 నాటి లెక్కలు. అప్పటి బండి వేరు, ఇప్పటి బండి వేరు. ఇంజన్ మారింది, బ్రేకులు మారాయి, ఏబీఎస్ వచ్చింది. ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులైంది. అదే డ్రైవరు, అదే టోల్, డీజిల్ కొంచెం ఎక్కువ. సరుకు మాత్రం రెండు టన్నులకు పైగా ఎక్కువ వస్తుంది. అంటే యాభై కిలోల సిమెంటు బస్తాలు నలభైకి పైగా. ఇల్లు కట్టుకునేవాడికి బస్తా మీద కిరాయి తగ్గుతుంది, రోడ్డు మీద ట్రిప్పులూ తగ్గుతాయి. యూరప్‌లో కూడా ఇంజన్ తిప్పే యాక్సిల్ (రెండు వైపుల చక్రాలను కలిపే ఇరుసు) మీద 11.5 టన్నులు ఒప్పుకుంటారు. మనవాళ్లు ఇచ్చింది కూడా అంతే. వాళ్ల రోడ్లు కుంగవా మరి?

రిటైర్డ్_డీఈ (మంగళవారం, 11:20)

రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా 31 ఏళ్లు పనిచేశాను. ఇందులో ఒక్క లెక్క అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

రోడ్డుకు లారీ మొత్తం బరువుతో పెద్దగా పని లేదు. ఒక్కో యాక్సిల్ ఎంత మోపుతోందన్నదే దానికి ముఖ్యం. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం ఒట్టావా దగ్గర 1958 నుంచి 1960 వరకు దీనికోసమే ప్రత్యేకంగా రోడ్లు వేశారు. రకరకాల బరువులతో లారీలు రాత్రింబవళ్లు తిప్పి, ఏ బరువుకు రోడ్డు ఎంత త్వరగా పాడవుతుందో కొలిచారు. యాక్సిల్ బరువు పెరిగితే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది, అంటే బరువు ఎన్ని రెట్లైతే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణించినంత. యాక్సిల్ బరువు రెట్టింపైతే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ డిజైన్ లెక్కల మూలం కూడా ఇదే. మనం 8.16 టన్నుల యాక్సిల్‌ను ప్రామాణికంగా పెట్టుకుని, ప్రతి లారీనీ దానితో పోల్చి లెక్క కడతాం.

2018 జూలైలో వచ్చిన ఉత్తర్వు ప్రకారం నాలుగు టైర్లున్న ఒక్క యాక్సిల్ పరిమితి 10.2 నుంచి 11.5 టన్నులైంది. జంట యాక్సిల్ 19 నుంచి 21, మూడు యాక్సిళ్ల జట్టు 24 నుంచి 27. అతిపెద్ద ట్రెయిలర్ల మొత్తం బరువు 49 నుంచి 55 టన్నులు. 10.2 నుంచి 11.5 అంటే పెరిగింది 13 శాతం కంటే తక్కువే, చిన్నదిగా కనిపిస్తుంది. నాలుగో ఘాతం వేసి చూడండి. రోడ్డు మీద నష్టం 60 శాతానికి పైగా పెరుగుతుంది.

మా రోజుల్లో రోడ్డు మందం లెక్కగట్టేటప్పుడు పదిహేను, ఇరవై ఏళ్లలో ఎన్ని యాక్సిళ్లు వెళతాయో అంచనా వేసేవాళ్లం. పాత పరిమితి నమ్ముకుని వేసిన రోడ్డుకు మధ్యలో బరువు పెంచితే, బండ్లన్నీ కొత్త పరిమితికి నిండా వేస్తే, పదిహేనేళ్లకు వేసింది పదేళ్ల లోపే అయిపోతుంది. శ్రీను చెప్పిన గాడులు దీనికి గుర్తే. ఎండాకాలం తారు మెత్తబడినప్పుడు, బరువు బండ్లు మెల్లగా కదిలే చోట అంటే టోల్ ప్లాజా ముందు, సిగ్నళ్ల దగ్గర, ఎత్తు ఎక్కే చోట ఇవి ఎక్కువగా పడతాయి.

సిమెంట్_షాప్_వనస్థలి (మంగళవారం, 11:52)

సార్, ట్రిప్పులు తగ్గుతాయి కదా. ఆ లెక్క మీరు కలపలేదు.

పాలిటెక్నిక్_సివిల్ (మంగళవారం, రాత్రి 9:30)

డీఈ సార్ ఇచ్చిన అంకెలతో నేను కాగితం మీద వేసి చూశాను. తప్పుంటే దిద్దండి.

500 టన్నుల సిమెంటు కోదాడ వైపు నుంచి హైదరాబాద్‌కి తేవాలి అనుకుందాం. ఆరు టైర్ల బండి ఖాళీ బరువు ఆరు టన్నుల చుట్టూ ఉంటుంది. పాత పరిమితిలో 10 టన్నులు వేస్తే 50 ట్రిప్పులు. కొత్త పరిమితిలో 12.3 వేస్తే 41 ట్రిప్పులు. 8.16 టన్నుల ప్రామాణిక యాక్సిల్ ఒక్కసారి వెళితే నష్టం 1 అనుకుంటే, వెనక యాక్సిల్ నష్టం పాత లెక్కలో 2.44, కొత్త లెక్కలో 3.94. గుణిస్తే పాతది 122, కొత్తది 162. తొమ్మిది ట్రిప్పులు తగ్గినా రోడ్డుకు నష్టం మూడో వంతు పెరిగింది. ముందు యాక్సిల్ ఇందులో కలపలేదు.

అదే 500 టన్నులు పది టైర్ల బండిలో కొత్త పరిమితికి వేస్తే 27 ట్రిప్పులు, వెనక జంట యాక్సిల్ నష్టం దాదాపు 100 వచ్చింది. ట్రిప్పులు తక్కువ, నష్టమూ తక్కువ. ఇది చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

రిటైర్డ్_డీఈ (మంగళవారం, రాత్రి 10:15)

బాబూ, లెక్క సరిగ్గా వేశావు. అసలు సంగతి నీ చివరి పేరాలో ఉంది. ఎక్కువ సరుకు మోయాలంటే యాక్సిల్ మీద బరువు పెంచడం ఒక దారి, యాక్సిళ్ల సంఖ్య పెంచడం ఇంకో దారి. రెండోది రోడ్డు తట్టుకుంటుంది. బరువు ఎక్కువ చక్రాల మీద పంచినప్పుడు పెద్ద బండి కూడా రోడ్డుకు భారం కాదు. నేను పెద్ద లారీలకు వ్యతిరేకిని కాదు, కొద్ది చక్రాల మీద కుక్కిన బరువుకే వ్యతిరేకిని.

యూరప్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అక్కడ ఆ 11.5 టన్నులతో పాటు లారీ మొత్తం బరువు మామూలుగా 40 టన్నులకు ఆపుతారు. అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల మీద 1974 చట్టం నుంచి ఒక్క యాక్సిల్‌కి 20 వేల పౌండ్లు, అంటే సుమారు 9 టన్నులే. మొత్తం 80 వేల పౌండ్లు, సుమారు 36 టన్నులు. ఆ పైన వంతెనల కోసం యాక్సిళ్ల మధ్య దూరాన్ని బట్టి ఇంకో లెక్క ఉంది. పొట్టి బండి మీద పెద్ద బరువు వేస్తే ఆ లెక్క ఒప్పుకోదు. మనం ఒక్క అంకె అక్కడ నుంచి తెచ్చుకుని మిగతా నిబంధనలు అక్కడే వదిలేస్తే కుదరదు.

వంతెనల గురించి చాలామంది భయపడతారు. జాతీయ రహదారుల మీద కొత్తగా కట్టిన వంతెనలు చాలా పెద్ద బరువులకు డిజైన్ చేసినవి, వాటికి ఈ పెంపు వల్ల వెంటనే ముప్పు లేదు. నా భయమంతా ఆ హైవే దిగి ఊళ్లోకి మళ్లే రోడ్ల మీద. రాతి కట్టడం కల్వర్టులు, ఎప్పుడో వేసిన స్లాబులు. లారీ హైవే మీదే పుట్టి హైవే మీదే ఆగదు కదా.

చేవెళ్ల_సుజాత (బుధవారం, ఉదయం 6:40)

సార్ చెప్పిన ఆ చివరి మాట మా బతుకు. మాది చేవెళ్ల అవతల ఊరు. తాండూరు నుంచి బండలు, సిమెంటు, కంకర అంతా మా మర్రిచెట్ల రోడ్డు మీద నుంచే హైదరాబాద్‌కి వస్తుంది. రెండు వైపులా చెట్లు, మధ్యలో రెండు బండ్లు పట్టే రోడ్డు. హైవేకి ఏ పరిమితి పెడితే ఆ బరువు బండే మా రోడ్డు మీదకీ వస్తుంది.

2025 నవంబర్ 3 పొద్దున మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును గుద్దింది. కంకర మొత్తం బస్సులోకి కుమ్మరించి జనం కూరుకుపోయారు. ఆ బండిలో ఎంత బరువుంది, తప్పెవరిది అన్న మాట నేను ఎత్తను, అది విచారణ చేసేవాళ్ల పని. కానీ ఆ రోజు నుంచి నేను బస్సులో కుడివైపు సీట్లో కూర్చోలేకపోతున్నాను. ఎదురుగా టిప్పర్ వస్తే కళ్లు మూసుకుంటాను. మీరు 13 శాతం, 60 శాతం అని లెక్కలు వేస్తుంటే చదివాను, మంచి లెక్కలే. ఎదురొచ్చే బండి ఇంకో రెండు టన్నులు బరువెక్కితే ఎదురుగా బస్సులో ఉన్నవాళ్లకు ఏమవుతుందో కూడా ఎవరైనా చెప్పండి.

స్టీరింగ్_20ఏళ్లు (బుధవారం, మధ్యాహ్నం 2:05)

అక్కా, నేను డ్రైవర్ని. ఇరవై ఏళ్లు దాటింది. విజయవాడ లైన్, నాగ్‌పూర్ లైన్, బెంగళూరు లైన్ మూడూ తోలాను. నాకు తెలిసింది చెబుతా.

బండి ఖాళీగా ఉంటే బ్రేకు మీద కాలు పెట్టగానే నిలబడుతుంది. నిండా లోడుంటే ఆగే దూరం మన చేతిలో ఉండదు, ముందే అనుకోవాలి. అదే స్పీడులో 16 టన్నుల బండి ఆపడానికీ 18.5 టన్నుల బండి ఆపడానికీ బ్రేకు డ్రమ్ముల్లో పుట్టే వేడి తేడా ఉంటుంది. కొత్త బండికి కంపెనీ ఆ బరువుకు తగ్గట్టు బ్రేకు ఇస్తుంది, దాంతో నాకు టెన్షన్ లేదు. పాత బండి మీద కొత్త బరువు వేసినప్పుడే గుండె దడ. దిగుడులో రెండు మూడుసార్లు బ్రేకు తొక్కితే లైనర్లు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ఇక బ్రేకును నమ్మకూడదు, గేర్ తగ్గించి ఇంజన్ మీద దింపాలి. కొత్తగా సీటెక్కిన పిల్లలకు ఇది చెప్పేవాళ్లు లేరు.

ఎక్కుడులోనూ కష్టమే. బరువు బండి గంటకు ఇరవై కిలోమీటర్లకు పడిపోతుంది. వెనక కార్లవాళ్లు విసిగిపోయి ఎడమ వైపు నుంచి దూరుతారు. ప్రమాదాలు అలా కూడా జరుగుతాయి.

మాకు జీతం ట్రిప్పు లెక్క. బరువు ఎక్కువ వేసినంత మాత్రాన డ్రైవరు బత్తా పెరగదు అక్కా. భయం మాత్రం మాకే.

ఆటోనగర్_కమాన్ పని (బుధవారం, రాత్రి 8:20)

డ్రైవర్ అన్న చెప్పింది నిజం. మా షెడ్డుకు వచ్చే బండ్లు చూస్తే తెలుస్తుంది. ఇంతకు ముందు కమాన్ పట్టీ (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ) విరిగి వచ్చేది, దానికి మేము పట్టీ మార్చేవాళ్లం. ఇప్పుడు ఓనర్లు విరగకముందే వచ్చి "ఇంకో రెండు పట్టీలు వెయ్యి" అంటారు. పట్టీలు వేస్తే బండి కుంగదు, బయటికి బరువు కనబడదు. కానీ ఆ బరువు ఎక్కడికీ పోదు, యాక్సిల్‌కి, హబ్ బేరింగ్‌కి, టైర్‌కి పోతుంది. టైర్ వేడెక్కి పేలితే రోడ్డు మీద ఎవరుంటే వాళ్ల మీదకే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. లిఫ్ట్ యాక్సిల్ ఉన్న బండ్లు ఉంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఆ చక్రాలు పైకి లేపుకోవచ్చు, టైర్ మిగులుతుంది. కొందరు లోడు మీద కూడా లేపి నడుపుతారు. కాగితం మీద అన్ని యాక్సిళ్లూ ఉంటాయి, రోడ్డు మీద ఒకటి తక్కువ. డీఈ సార్ లెక్క ప్రకారం అప్పుడు ఎంత నష్టమో మీరే చూసుకోండి.

పాలిటెక్నిక్_సివిల్ (బుధవారం, రాత్రి 8:41)

అన్నా, ఉదాహరణకు ఒక్క యాక్సిల్ మీద 14 టన్నులు పడిందనుకుంటే ప్రామాణిక యాక్సిల్ కంటే ఎనిమిదిన్నర రెట్లకు పైగా నష్టం వస్తుంది. అంటే అలాంటి బండి ఒక్కసారి వెళితే ప్రామాణిక యాక్సిల్ ఎనిమిదిసార్లకు పైగా వెళ్లినట్టు.

కోదాడ_బండి (గురువారం, ఉదయం 5:55)

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. నాకు రెండు బండ్లు. ఒకటి పది టైర్లు, 2016లో కొన్నాను. ఇంకోటి పన్నెండు టైర్లు. హుజూర్‌నగర్, కోదాడ వైపు ఫ్యాక్టరీల నుంచి హైదరాబాద్‌కి సిమెంటు వేస్తాను.

2018లో పరిమితి పెంచినప్పుడు మా ఆఫీసుల దగ్గర పండగలా ఉంది. టన్నులు పెరిగాయి, ఈఎంఐ త్వరగా తీరుతుంది అనుకున్నాం. జరిగింది వేరు. మాకు కిరాయి టన్ను లెక్కన ఇస్తారు. ప్రతి బండీ ఎక్కువ మోయడం మొదలయ్యేసరికి ఊళ్లో ఉన్న లారీలు ఒక్కసారిగా పెరిగినట్టయింది. సరుకు మాత్రం అంతే. లోడు కోసం లైన్‌లో రెండు రోజులు, మూడు రోజులు. అప్పుడు సరుకువాళ్లు టన్ను రేటు తగ్గించారు. మేము కాదనలేకపోయాం. 2019-20లో కొత్త లారీల అమ్మకాలు పడిపోయాయి. ఈ పెంపు కూడా ఒక కారణమని బండ్లు తయారుచేసే కంపెనీలే చెప్పాయి. ఉన్న బండ్లకే పని లేకపోతే కొత్తది ఎవరు కొంటారు?

వనస్థలిపురం అన్న బస్తా మీద కిరాయి తగ్గిందన్నారు. అది నా జేబులోంచి తగ్గింది అన్నా. టైర్లు ముందే అరుగుతున్నాయి, కమాన్లు విరుగుతున్నాయి, డీజిల్ పెరిగింది. టన్నుకు పాత రేటు ఇచ్చి ఉంటే నేనూ ఈ పెంపును మెచ్చుకునేవాణ్ని.

ఇక ఓవర్‌లోడ్ సంగతి. ఒప్పుకుంటున్నాను, నేనూ వేశాను. రేటు తగ్గాక ఆ లోటు పూడ్చుకోవడానికి పరిమితి పైన రెండు టన్నులు, మూడు టన్నులు. ఒక లోడింగ్ పాయింట్ దగ్గర కాటా గుమాస్తా నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నువ్వు వద్దంటే వెనక పది బండ్లున్నాయి." మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20 వేల జరిమానా, ఎక్కువున్న ప్రతి టన్నుకు ఇంకో 2 వేలు అని చట్టంలో రాశారు, ఎక్కువున్న సరుకు దింపాకే బండి కదలాలి అని కూడా. పట్టుబడితే ఆ భారం నాది, డ్రైవరుది. సరుకు ఎక్కించినవాళ్ల పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

చేవెళ్ల అక్కా, మీ మాట చదివి రాత్రి నిద్ర పట్టలేదు. నా బండి తోలేది మా తమ్ముడి కొడుకు.

రిటైర్డ్_డీఈ (గురువారం, ఉదయం 9:10)

కోదాడ బాబూ, నువ్వు రాసింది మేము ఆఫీసులో కూర్చుని ఎప్పుడూ చూడని వైపు. ధైర్యంగా రాశావు.

ఒక్క విషయం చెప్పాలి. చట్టంలో ఓవర్‌లోడ్ శిక్ష "నడిపినవాడికి" మాత్రమే కాదు, "నడిపించినవాడికి, నడపడానికి ఒప్పుకున్నవాడికి" కూడా. 194వ సెక్షన్ మాటలు చదవండి. లోడు ఎక్కించి పంపినవాణ్ని అందులోకి తేవడానికి చట్టం అడ్డు కాదు, పట్టుకునే చోటే వేరు. దారిలో ఆపితే దొరికేది డ్రైవరే. ఫ్యాక్టరీ గేటు దగ్గర, క్వారీ దగ్గర, మిల్లు దగ్గర కాటా చీటీ చూస్తే అసలు మనిషి దొరుకుతాడు. ఆ చీటీ అక్కడ ఎలాగూ ఉంటుంది, సరుకు తూకం వేయకుండా ఎవరూ అమ్మరు. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలు డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడ్‌కి కార్డులు ఇచ్చేవి. 2005లో సుప్రీంకోర్టు అది చెల్లదని చెప్పింది. డబ్బు కడితే బరువు తగ్గదు కదా.

సిమెంట్_షాప్_వనస్థలి (గురువారం, మధ్యాహ్నం 1:30)

కోదాడ అన్నా, మీరన్నది నేను ఆలోచించలేదు. నా షాపుకు వచ్చే లోడు బిల్లులో బరువు రాసే ఉంటుంది. బండి పరిమితి ఎంతో, ఎంత వచ్చిందో నేను ఎప్పుడూ పోల్చి చూడలేదు. ఇవాళ పాత బిల్లులు తీసి చూశాను. గత నెల వచ్చిన ఎనిమిది లోడ్లలో ఐదు పరిమితి దాటి ఉన్నాయి. తీసుకున్నది నేనే. పెద్ద బండి, ఎక్కువ చక్రాలు అన్న డీఈ సార్ మాట నాకు నచ్చింది. మా సందులోకి పన్నెండు టైర్ల బండి రాదు, అదొక్కటే ఇబ్బంది. బాటసింగారం, మంగళ్‌పల్లి లాజిస్టిక్స్ పార్కుల్లాంటి చోట దింపి చిన్న బండ్లలో తెచ్చుకుంటే దింపుడు, ఎక్కింపుడు ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఎంత పడుతుందో హమాలీలను అడిగి లెక్క చూస్తాను.

చేవెళ్ల_సుజాత (గురువారం, సాయంత్రం 6:15)

కోదాడ తమ్ముడూ, నిన్ను బాధపెట్టాలని రాయలేదు. మీ తమ్ముడి కొడుకు క్షేమంగా ఇంటికి రావాలి. ఒక్కటి అడుగుతాను. ఈసారి లోడింగ్‌కి వెళ్లినప్పుడు పరిమితి మీదే వేస్తానని చెప్పి చూడు. ఏమంటారో ఇక్కడ రాయి.

శ్రీను_హయత్‌నగర్ (గురువారం, రాత్రి 9:50)

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. నా ప్రశ్నకు జవాబు దొరికింది. పరిమితి పెంచడం వల్లా రోడ్డు పాడవుతోంది, దాన్ని దాటడం వల్ల ఇంకా పాడవుతోంది, రెండింటికీ మూలం కొద్ది చక్రాల మీద ఎక్కువ బరువు కుక్కడమే. రేపటి నుంచి మా గోడౌన్‌కి వచ్చే ప్రతి బండి కాటా చీటీ, ఆర్‌సీలో రాసిన బరువు రెండూ రిజిస్టర్‌లో రాస్తాను. మా మేనేజర్‌ని అడిగాను, రాసుకోమన్నారు.

కోదాడ_బండి (ఆదివారం, ఉదయం 11:05)

అక్కా, నిన్న అడిగాను. పది టైర్ల బండి ఆర్‌సీలో ఎంతుందో అంతే వేయమన్నాను, ఒక్క బస్తా కూడా ఎక్కువ వద్దన్నాను. గుమాస్తా మొదట నవ్వాడు. తర్వాత లైన్‌లో పక్కకు పెట్టమన్నాడు. మా వాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా అక్కడే కూర్చున్నాడు. మా వెనక వచ్చిన నాలుగు బండ్లు లోడ్ చేసుకుని వెళ్లిపోయాయి. ఎనిమిదిన్నరకు వేశారు, పరిమితి లోపలే. కాటా చీటీ ఫోటో తీయించి దగ్గర పెట్టుకున్నాను.

పంతంగి టోల్ దాటాక మా వాడు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, ఇవాళ బండి తేలిగ్గా నడుస్తోంది" అన్నాడు. ట్రిప్పు మీద మిగిలింది తక్కువే. బుధవారం మళ్లీ లోడింగ్ ఉంది. అదే మాట చెప్పమన్నాను.